తులసమ్మగారి కాగితం



పోయిన కార్తిక శుద్ధ తదియనాడు ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అమ్మాయి అంటున్నానే గాని ఆమెకు యాభై దాటినవి. పుట్టింది ఇక్కడే, చంద్రపురంలో, మెట్టింది బల్లార్పూరులో. చిన్ననాటినుండీ నన్ను "పిన్నిగారూ" అని పిలుస్తుంది. ముందునాడు పండుగ. మనం భగినీహస్త భోజనమంటాము, మన మరాఠీ పొరుగువారు భావుబీజ్ అంటారు. ఇన్ని తరాలు ఇక్కడ వున్నాక మన ఇళ్ళలో రెండు పేర్లూ చెల్లుతున్నవి. అన్నగారు వచ్చి, చెల్లెలి చేతివంట తిని, చీర పెట్టి, లేవబోతూ సంచిలోనుంచి ఒక కాగితం తీసి ఇచ్చాడట.

"చదివి సంతకం పెట్టి వుంచు, పై వారం రిజిస్ట్రీ కచేరీకి పోదాం అన్నాడు పిన్నిగారూ. పెట్టనంటే పుట్టిల్లు పోతుందేమోనని భయం. పెడితే ఏమి పోతుందో చెప్పలేను, కాని ఏదో పోతుంది."

కాగితం మరాఠీలో వున్నది. పైన పెద్ద అక్షరాలతో "హక్కసోడ్ పత్ర" అని. తల్లిదండ్రులు ఇద్దరూ గతించారు. తాతలనాటి ఇల్లు ఒకటి, మూల్ వైపు నాలుగెకరాల వరిపొలం. వారసులు ఇద్దరన్నదమ్ములు, ఈమె. "ఈ ఆస్తిలో నాకు ఎట్టి హక్కునూ లేదు, నా వివాహ సమయముననే నాకు ముట్టవలసినదంతా ముట్టినది" అని మధ్యలో ఒక వాక్యం. ఆ వాక్యం క్రింద ఆమె పెన్సిలుతో చిన్న గీత గీసి తెచ్చింది.

"తొందరపడకు, అన్నయ్యతో పోట్లాడకు, నాకు నాలుగు రోజులు వ్యవధి ఇవ్వు" అన్నాను. ఆ నాలుగు రోజుల తరువాత ఆమెకు చెప్పిన మాటలే ఈ నెల మీ ముందు పెడుతున్నాను. ఇటువంటి కాగితం మన ఇళ్ళలో ఎందరి పెట్టె అడుగున వున్నదో, ఎందరి గుమ్మానికి రాబోతున్నదో!

ముందు ఆ "హక్కు" అనే మాటే చూడండి. మనదే అనుకుంటాము గాని అది అరబ్బీ మాట. ఫారసీ కచేరీల ద్వారా మన దేశానికి వచ్చింది. దావా, వకీలు, ఫిర్యాదు, దస్తావేజు, వారసుడు, రాజీ, జప్తు, అన్నీ అలా వచ్చినవే. మరాఠీలోనూ దావా దావాయే, వకీలు వకీలే. వర్ధా నది దాటితే రాజురా. 1956 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలో వుండేది. ఆ హైదరాబాదులో 1884 ప్రాంతం వరకూ సర్కారు వ్యవహారం ఫారసీలోనే నడిచింది. కనుక మన ఇంటి తగవు కోర్టు మెట్లు ఎక్కేసరికి ఇరాను దేశపు మాటలు మాట్లాడుతుంది!

మరి ఆ మాటలు పుట్టి పెరిగిన ఇరానులో ఆడవారి సంగతి ఎలా వుండేది? ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో అక్కడ పెళ్ళి, విడాకులు, వారసత్వపు తగవులు ఎక్కువగా మతధర్మం తెలిసిన పెద్దల యెదుట తేలేవి. 1906లో రాజ్యాంగం వచ్చింది. 1928లో పౌరస్మృతి మొదటి భాగం, 1931లో వివాహాలను నమోదు చేయాలన్న చట్టం వచ్చినవి. ఆ దేశంలో పెళ్ళి ఒక ఒప్పందం. ఆ ఒప్పంద పత్రాన్ని కలిగినవాళ్ళు రంగురంగుల లతలతో, బంగారు పూతలతో చిత్రించి వ్రాయించేవారు. నేటికీ వస్తుప్రదర్శనశాలలలో వున్నవి. ఆ లతల మధ్య అసలు సంగతి ఒక్కటి: మహర్ ఎంత అని. మహర్ అంటే వరుడు వధువుకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము. అప్పటికప్పుడు ఇవ్వకపోయినా అది భర్త నెత్తిన బాకీయే. భర్త మరణిస్తే, వారసులు పంచుకునే ముందు తీర్చవలసిన అప్పులలో అదీ ఒకటి. ఆడవారు న్యాయం కోరి వచ్చిన వ్యాజ్యాలలో ఎన్నో ఈ బాకీని గురించినవే.

అంతమాత్రాన అక్కడ అంతా సవ్యమని కాదు. కూతురికి కొడుకు వాటాలో సగం. పిల్లలున్న వితంతువుకు ఎనిమిదవ వంతు. అదీ చరాస్తిలోనూ, కట్టడాలూ చెట్లూ చేసే వెలలోనూ మాత్రమే, నేలలో ఏమీ లేదు. ఆ నిబంధన 1928 స్మృతిలో చేరి, 2009లో గాని మారలేదు. ఇప్పుడు నేల వెలలోనూ ఆమెకు వంతు వున్నది. ఎనభై ఏళ్ళు పట్టింది! అయినా ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఆ వితంతువు దావా వేసినప్పుడు "నాకు దయచేయండి" అనలేదు. "నాకు బాకీ వున్నారు" అన్నది. రెండింటికీ ఎంత భేదమో ముందు ముందు చూస్తారు.

ఇక మన సంగతి. మన పూర్వపు ఉమ్మడి కుటుంబంలో ఆస్తి మగవారిది. అన్నదమ్ములలో ఒకడు కొడుకులు లేకుండా పోతే అతని వంతు బ్రతికివున్న వారికి చేరిపోయేది. భార్యకు మిగిలేది మనోవర్తి, అంటే తిండీ బట్టా వుండడానికి చోటూ. ఎంత చక్కని మాట, ఎంత చిక్కని తగవు! కృష్ణా గోదావరి జిల్లాలలోనూ నెల్లూరులోనూ మనోవర్తి దావా అంటే తెలియని పల్లె వుండేది కాదు. ఏడాదికి ఇన్ని పుట్ల ధాన్యమనీ, ఇన్ని రూపాయలనీ, వుండడానికి ఫలానా గదియనీ రాజీనామాలలో వ్రాసుకునేవారు. కూతుళ్ళకైతే పసుపుకుంకుమల క్రింద అరకో ఎకరమో ఇచ్చేవారు, కాగితం వ్రాసేవారు కారు. తరువాతి తరంలో మేనల్లుడికీ మేనమామకూ తగవు వచ్చి, "ఇచ్చారా లేదా" అని కోర్టులో సాక్షులను పిలవవలసి వచ్చేది.

1856లో వితంతు వివాహ చట్టం వచ్చింది. ఆ తరువాత పాతికేళ్ళకు, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వివాహం జరిపించారు. మనమంతా గర్వంగా చెప్పుకుంటాము. కాని అదే చట్టంలో, మళ్ళీ పెళ్ళాడిన వితంతువుకు మొదటి భర్త ఆస్తి మీద వున్న హక్కు పోతుందని కూడా వ్రాసివున్నది. కొత్త బ్రతుకు కావాలంటే పాత బాకీ వదులుకోవాలన్నమాట.

దత్తత మాట మరీ విచిత్రం. భర్త పోయిన స్త్రీ దత్తత చేసుకోవచ్చునా అన్నదానికి వసిష్ఠుని సూత్రమొక్కటే ఆధారం: భర్త అనుజ్ఞ లేనిదే స్త్రీ బిడ్డను ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అని దాని భావం. ఆ ఒక్క సూత్రాన్ని దేశంలో నాలుగు విధాలుగా చదివారు. మిథిలలో, భర్త పోయాక అనుజ్ఞ ఎక్కడిది కనుక దత్తతే కూడదన్నారు. కాశీ, వంగ దేశాలలో, భర్త బ్రతికి వుండగా అనుమతి ఇచ్చి వుంటేనే సరి అన్నారు. మన దక్షిణాదిని, భర్త అనుమతి లేకున్నా సపిండులైన దాయాదులు ఒప్పుకుంటే చెల్లుతుందన్నారు. 1868లో రామనాథపురం వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిలు దీనినే స్థిరపరచింది. మహారాష్ట్ర సంప్రదాయంలో ఎవరి అనుమతీ అక్కరలేదన్నారు.

ఇది మనకెందుకంటారా? ఇందులో మన చంద్రపురపు తెలుగు ఇళ్ళ చిక్కు వున్నది. 1854లో నాగపురం రాజ్యం ఇంగ్లీషువారి చేతికి వచ్చి చాందా జిల్లా ఏర్పడింది. మన భాష మాట్లాడే సిరోంచ ప్రాంతం 1874లో ఎగువ గోదావరి జిల్లా రద్దయినప్పుడు దీనిలో కలిసింది. (అది 1982 నుండి గడ్చిరోలి జిల్లాలో వున్నది.) 1875లో మధ్యపరగణాల చట్టమొకటి వచ్చి, వారసత్వం, స్త్రీధనం, పెళ్ళి, దత్తత మొదలైన విషయాలలో హిందువులకు హిందూ ధర్మశాస్త్రమే ప్రమాణమన్నది. ఏ ధర్మశాస్త్రం? నాలుగున్నవి గదా! అందుకు న్యాయస్థానాలు ఒక సూత్రం ఏర్పరచుకున్నవి: వలస వచ్చిన కుటుంబం తన ధర్మాన్ని వెంట తెచ్చుకుంటుంది, వదులుకున్నట్లు ఋజువైతే తప్ప పాతదే వర్తిస్తుంది. 1920లో ప్రీవీ కౌన్సిలు తేల్చిన బల్వంతరావు, బాజీరావుల వ్యాజ్యం మహారాష్ట్రం వైపునుంచి మధ్యపరగణాలకు తరలివచ్చిన కుటుంబానిదే.

దీని ఫలితం ఊహించండి. ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు ఇళ్ళు. రెండింటా భర్త పోయిన ఇల్లాండ్రు. మహారాష్ట్ర ధర్మం పాటించే ఇంటి ఇల్లాలు తన యిష్టంతో ఒక బిడ్డను తెచ్చి పెంచుకోవచ్చు. గోదావరి ఒడ్డునుంచి వచ్చిన ఇంటి ఇల్లాలు, ఆ బిడ్డ వస్తే ఆస్తి ఎవరికి తగ్గుతుందో ఆ దాయాదుల దగ్గరికే పోయి "ఒప్పుకోండి బాబూ" అని అడగవలసిందే. వంటా పండుగలూ పెళ్ళిపాటలూ వెంట తెచ్చుకున్నట్లే ఈ చిక్కునూ మనవాళ్ళు మూటలో కట్టుకు వచ్చారు. 1956లో దత్తత చట్టం వచ్చి ఈ నాలుగు దారులనూ మూసి ఒక్క దారి వేసింది. ఇప్పుడు వితంతువు తన పేరనే దత్తత చేసుకోవచ్చు, దాయాదుల అనుమతి అక్కరలేదు.

ఆస్తి సంగతికి వద్దాము. 1937లో డాక్టరు జి. వి. దేశముఖ్ గారి ప్రయత్నంతో హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం వచ్చింది. భర్త వాటాలో భార్యకు కొడుకుతో సమంగా భాగమన్నది. అయితే ఆమె జీవితాంతం అనుభవించవలసిందే గాని అమ్మకూడదు. పైగా ఆ చట్టం రాష్ట్రాలలోని వ్యవసాయ భూములకు వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు అన్నది. పల్లెటూరి ఆస్తిలో భూమి తీసివేస్తే మిగిలేది ఎంత? మన మధ్యపరగణాలు, బేరారు ప్రభుత్వం 1942లోనే వేరే చట్టం చేసి భూములను కలిపింది. మదరాసు రాష్ట్రంలో, అంటే అప్పటి కోస్తా, రాయలసీమలలో, అది 1947లో గాని జరగలేదు. ఈ ఒక్క విషయంలో చాందాలోని వితంతువు నెల్లూరులోని వితంతువుకంటె అయిదేళ్ళు ముందున్నది.

నెల్లూరు అన్నాను గదా, అసలు కథ అక్కడిదే.

నెల్లూరు జిల్లాలో తులసమ్మగారనే ఇల్లాలు. భర్త వెంకటసుబ్బారెడ్డిగారు 1931లో కాలం చేశారు. అప్పటికి ఆయన సవతి సోదరుడు శేషారెడ్డిగారితో ఉమ్మడిగానే వున్నారు. 1937 చట్టం ఇంకా ఆరేళ్ళకు గాని రాదు. కనుక ఆస్తి మరిదిగారి వంశానికే నిలిచింది, తులసమ్మగారికి మనోవర్తి మాత్రమే మిగిలింది. పదమూడేళ్ళు గడిచాక, 1944 అక్టోబరులో, ఆమె నెల్లూరు మునసబు కోర్టులో మనోవర్తికి దావా వేశారు. కోర్టు రుసుము కట్టే శక్తి లేనివారు వేసే పాపరు దావాగా దానిని స్వీకరించమని అర్జీ. అంటే కలిగిన కుటుంబపు కోడలు, "నా చేత రుసుముకైనా డబ్బు లేదు" అని ముందు ఋజువు చేసుకుంటేనే గాని, "నాకు అన్నం పెట్టించండి" అని అడగడానికి వీలులేకపోయింది.

1946 జూనులో ఆమెకు అనుకూలంగా డిక్రీ వచ్చింది. దానిని అమలు జరిపించబోయేసరికి చిక్కులు. చివరకు 1949 జూలై 30న రాజీ కుదిరింది. కొంత ఆస్తిని మనోవర్తి క్రింద ఆమెకు ఇచ్చారు. కాగితంలో షరతులు: జీవితకాలం అనుభవించాలి, అమ్మకూడదు, ఆమె తరువాత తిరిగి శేషారెడ్డిగారికి చెందాలి.

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం వచ్చింది. దాని పద్నాలుగవ సెక్షను మొదటి భాగంలో, స్త్రీ స్వాధీనంలో వున్న ఆస్తి ఏ విధంగా వచ్చినదైనా, మనోవర్తి క్రింద వచ్చినదైనా సరే, ఆమెకు సర్వహక్కులతో చెందుతుందన్నారు. రెండవ భాగంలో, దానపత్రం, వీలునామా, డిక్రీ వంటివాటితో షరతు పెట్టి ఇచ్చినదైతే ఆ షరతు నిలుస్తుందన్నారు. ఇక తగవు పుట్టడానికి ఇంతకంటె ఏమి కావాలి? తులసమ్మగారు 1960లో కొంత భూమి కౌలుకిచ్చారు, 1961 మేలో కొంత అమ్మారు. జూలైలో శేషారెడ్డిగారు దావా వేశారు: "కాగితంలో అమ్మకూడదని వున్నదే!"

మునసబు కోర్టులో ఆయన గెలిచారు. జిల్లా కోర్టులో ఆమె గెలిచారు. 1971లో హైకోర్టులో మళ్ళీ ఆయన గెలిచారు. 1977 మార్చి 17న సుప్రీం కోర్టు తులసమ్మగారి పక్షాన తీర్పు చెప్పింది. భగవతి, గుప్తా, ముర్తజా ఫజల్ అలీ గార్లు ముగ్గురు న్యాయమూర్తులు. తీర్పు నాటికి శేషారెడ్డిగారు లేరు; ఆయన వారసులు వ్యాజ్యం నడిపారు. భర్త పోయిన ఏడాదినుండి లెక్కవేస్తే నలభై ఆరు సంవత్సరాలు!

తీర్పు సారం మన మాటలలో చెబుతాను. ఫజల్ అలీగారు ధర్మశాస్త్ర గ్రంథాలన్నీ తిరగవేసి వివరంగా వ్రాశారు. భార్యకు మనోవర్తి ఎక్కడనుంచి వచ్చింది? మరిదిగారు 1949లో కాగితం మీద వ్రాసినందువల్ల వచ్చిందా? కాదు. పెళ్ళి అయిననాడే ఆ హక్కు పుట్టింది. భర్త కుటుంబ ఆస్తినంటి వున్నది. 1949 కాగితం కొత్తగా ఏమీ ఇవ్వలేదు, ముందే వున్న హక్కును గుర్తించింది, అంతే. కొత్తగా, ఏ హక్కూ లేనివారికి ఇచ్చే దానానికి షరతు పెట్టవచ్చును. ముందే వున్న హక్కును తీరుస్తూ షరతు వ్రాస్తే, 1956 చట్టం ముందు అది నిలవదు.

అప్పు తీర్చేవాడు "ఈ సొమ్ముతో నువ్వు నగ చేయించుకోకూడదు" అని షరతు పెట్టగలడా? అదీ సంగతి. ఇరాను ఇల్లాలు మహర్‌ను బాకీ అన్నది. నెల్లూరు ఇల్లాలి మనోవర్తిని సుప్రీం కోర్టు ఇంచుమించు అలాగే చూసింది. దేశమేదైనా, మతమేదైనా, ఆడది గెలిచిన చోటల్లా ఆమెకు ఇచ్చినదానిని దయ అనడం మానిన తరువాతనే గెలిచింది. తులసమ్మగారి తీర్పును ఆధారం చేసుకుని ఈ దేశంలో ఎందరు ఇల్లాండ్రు తమ అరెకరాన్నీ ఒంటిగదినీ నిలుపుకున్నారో!

ఈ సందర్భంలో దుర్గాబాయమ్మగారిని తలచుకోకుండా వుండలేను. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్ళకే పెళ్ళయి, తరువాత చదువుకుని వకీలై, రాజ్యాంగ సభలో కూర్చున్న తెలుగు ఆడపడుచు. 1953లో చింతామణి దేశముఖ్ గారిని వివాహమాడి మహారాష్ట్రానికి కోడలైంది, మనలాగే రెండు భాషల ఇంటి మనిషి. కుటుంబ తగవులకు వేరే న్యాయస్థానాలు వుండాలని ఆమె పట్టుబట్టి చెప్పారు. 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే ఆమె వెళ్ళిపోయారు.

ఇప్పుడు మన అమ్మాయి కాగితం దగ్గరికి రండి. ఆమె వితంతువు కాదు, కూతురు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కొడుకుతో సమమైన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుండి, మహారాష్ట్రంలో 1994 జూన్ నుండి వచ్చింది. కాని అప్పటికే పెళ్ళయినవారికి వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటా, పెళ్ళయినా కాకపోయినా, ఆ హక్కు వున్నది. ఆనాటికి తండ్రి బ్రతికి వుండనవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీం కోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతో గాని, కోర్టు డిక్రీతో గాని పంపకాలు జరిగిపోయి వుంటే వాటిని కదపడానికి లేదు. తండ్రి స్వార్జితమైతే ఆయన యిష్టం వచ్చినట్లు వీలునామా వ్రాయవచ్చును, అది కొడుకుకూ కూతురుకూ ఒకటే.

మన అమ్మాయి ఇల్లూ పొలమూ తాతలనాటివి. పంపకాలు ఎన్నడూ కాలేదు. కనుక మూడు వాటాలు. మూడింట ఒకటి ఆమెది. "నాకు ఎట్టి హక్కునూ లేదు" అన్న వాక్యం అబద్ధం. "పెళ్ళిలో ముట్టినది" అన్నమాటా నిలవదు. పెళ్ళిలో పెట్టినదానికీ పుట్టుకతో వచ్చిన వాటాకూ చెల్లు లేదు.

ఈ సంగతి చెప్పగానే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. "అయితే అన్నయ్య నన్ను మోసం చేయబోయాడా పిన్నిగారూ?"

"లేదమ్మా" అన్నాను. నిజంగా అలా అనుకోను. వ్రాసే గుమాస్తా దగ్గర అచ్చువేసిన నమూనా ఒకటి వుంటుంది. పేర్లు నింపి ఇస్తాడు. పైగా పెద్దన్నగారు తండ్రి జబ్బున పడ్డ కాలమంతా దగ్గర వుండి చూసుకున్నాడు, ఇంటికప్పు బాగుచేయించాడు, పన్ను కట్టాడు. ఆ ఖర్చూ ఆ కష్టమూ లెక్కకు రావద్దా? రావాలి. లెక్క రెండు వైపులా వ్రాస్తేనే లెక్క. వాటా వదులుకోవడం తప్పని నేననను. మన ఆడపడుచులు ఎందరో సంతోషంగా వదులుకున్నారు, పుట్టింటి దీపం నిలిస్తే చాలనుకున్నారు. కాని వదులుకునే ముందు అది తనదని తెలిసి వుండాలి. లేనిదానిని ఎవరైనా ఎలా ఇస్తారు?

అందువల్ల సోదరీమణులారా, నాలుగు మాటలు జ్ఞాపకం పెట్టుకోండి. కాగితం ఏ భాషలో వున్నా, నమ్మకమైన మనిషి చేత ప్రతి వాక్యమూ మీ భాషలో చెప్పించుకోనిదే సంతకం పెట్టకండి. మన పెద్దవాళ్ళలో ఇంటిమాటగా మరాఠీ వచ్చినవారికి కూడా కచేరీ మరాఠీ రాదు. స్థిరాస్తిలో వాటా వదిలే పత్రం రిజిస్టరు కావలసిందే. తలాఠీ దగ్గర సాత్‌బారాలో పేరు తీసివేసినంత మాత్రాన హక్కు పోదు, పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రాదు. ఆ ఉతారా మాత్రం ఏడాదికొకసారి తీసి చూసుకోండి. తులసమ్మగారిలా రుసుముకు డబ్బులేక వెనుకాడే అవసరం ఈనాడు లేదు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, వారి రాబడి ఎంతైనా సరే, జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. అర్జీ కోర్టు ఆవరణలోనే ఇవ్వవచ్చును. ఇక, కూతురికి పసుపుకుంకుమల క్రింద ఏదైనా ఇచ్చేవారు ఆనాడే కాగితం వ్రాసి రిజిస్టరు చేయించండి. ప్రేమ నోటిమాటతో సరిపోతుంది, భూమి సరిపోదు.

అమ్మాయి ఏమి చేసిందో చెప్పి ముగిస్తాను. అన్నదమ్ములిద్దరినీ ఒకనాడు భోజనానికి పిలిచింది. తండ్రి వైద్యానికీ ఇంటి బాగుకూ అయిన ఖర్చు ఒక పుస్తకంలో వ్రాయించింది. "ఇంట్లో నా వాటా మీకు ఇస్తాను. పొలంలో నా వాటా వుంచుకుంటాను, వున్నంతకాలం పండిన వడ్లలో నా వంతు పంపండి" అన్నది. చిన్నవాడు వెంటనే ఒప్పుకున్నాడు. పెద్దవాడు లేచి వెళ్ళిపోయాడు. రెండు నెలలు ఫోను లేదు. ఈ అమ్మాయి రోజూ నాకు ఫోను చేసి, "పుట్టిల్లు పోయినట్లేనా పిన్నిగారూ?" అని అడిగేది. నా దగ్గర సమాధానం లేదు. తులసమ్మగారి తీర్పులో ఎంత వెదికినా దీనికి సమాధానం దొరకదు.

సంక్రాంతినాడు పెద్దన్నగారు నువ్వుల లడ్లు పట్టుకుని బల్లార్పూరు వెళ్ళాడట. చేతిలో కొత్త కాగితం. "నాకు ఎట్టి హక్కునూ లేదు" అన్న వాక్యం తీసివేయించాడు. దాని చోట, "ఈ ఇంటిలో నాకుగల మూడవ వంతు హక్కును నా సోదరులకు నా యిష్టపూర్వకముగా ఇచ్చుచున్నాను" అని వ్రాయించాడు. ఆమె రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. సాత్‌బారాలో ఇప్పుడు ముగ్గురి పేర్లూ వున్నవి.

మీ ఇంట్లో ఇటువంటి కాగితం వుంటే ఈ నెల ఒకసారి తీసి చదవండి. అర్థం కానిదేదైనా వుంటే మన సంఘపు మహిళల సమావేశానికి తీసుకురండి. నలుగురం కూర్చుని చదువుకుందాము.

ఉంటాను,
మీ పిన్ని